దోమ చెవుల కేసు

మా సంస్థ ఎందుకు పుట్టిందో చాలామందికి తెలియదు. చెప్పినా నమ్మరు.

రాజధానిలో ఒకసారి పెద్దస్థాయి సమీక్షా సమావేశం జరిగింది. పెండింగ్ ఫైళ్లన్నీ అయిపోయాయి. అయిపోవడమంటే పరిష్కారం కావడం కాదు, పైకి చదవడం అయిపోయింది. భోజనాలకు ఇంకా వ్యవధి ఉంది. అప్పుడు ఒక పెద్ద అధికారి బల్ల కింద ఫోను చూసుకుంటూ, "ఇంటర్నెట్టులో జనం పెట్టుకునే వాదనలు ఎన్ని పెండింగులో ఉన్నాయి?" అని అడిగారు. ఎవరి దగ్గరా సమాధానం లేదు. సమీక్షలో ఎవరికీ సమాధానం తెలియని ప్రశ్న వస్తే దానికొక శాఖ పెట్టడం మన పరిపాలనలో మామూలే. అలా పుట్టింది, రాష్ట్ర అపరిష్కృత వాదోపవాదాల సత్వర ముగింపు సంస్థ. జనం మాత్రం ముగింపాఫీసు అంటారు.

మా ప్రాంతీయ కార్యాలయం రాజమండ్రిలో. గిరాకీ లేక మూతపడిన కల్యాణమండపాన్ని అద్దెకు తీసుకున్నారు. కమిషనరు మార్తాండరావు గారిది పెళ్లికూతురి గది. రికార్డులన్నీ వంటశాలలో. విచారణలు పెళ్లి వేదిక మీదే జరుగుతాయి. వేదిక వెనక గోడకు థర్మోకోలుతో చేసిన ‘శుభమస్తు’ అనే అక్షరాలున్నాయి. తీస్తే సున్నం ఊడుతుందని మండపం యజమాని ఒప్పుకోలేదు. నా పేరు భీమశంకరం. పశుసంవర్ధక శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చిన సీనియర్ అసిస్టెంటుని. అక్కడ గేదెల్ని లెక్కపెట్టేవాణ్ణి, ఇక్కడ వ్యాఖ్యల్ని లెక్కపెడుతున్నాను. పెద్ద తేడా లేదు. గేదెలు కాస్త కదలకుండా నిలబడేవి.

నిబంధనలు చాలా సులువు. ఏదైనా వార్త కింద ఇద్దరు మొదలుపెట్టిన వాదన ఏడాది దాటినా తేలకపోతే అది పెండింగు వాదన. ఇద్దరికీ నోటీసులిచ్చి పిలిపించాలి. ఒకరు ‘నేను ఓడిపోయాను’ అని రాసి సంతకం పెట్టాలి. అంతటితో ఫైలు మూసెయ్యాలి. మూసిన ఫైలు మళ్లీ తెరుచుకోకుండా ఆ ఇద్దరూ జన్మలో ఒకరి రాతలకు ఒకరు జవాబివ్వడానికి వీల్లేదు. ఇచ్చినా అవతలివాళ్లకు చేరకుండా మా సాంకేతిక విభాగం చూసుకుంటుంది.

విచారణకు ఇద్దరు సభ్యుల బెంచి. ఒకరు కమిషనరు గారు. పూర్వాశ్రమంలో తూనికలు కొలతల శాఖ. రెండోవారు తటస్థ సభ్యులు చలమయ్య గారు. ఆ పోస్టుకు అర్హత, ఏ విషయం మీదా ఎలాంటి అభిప్రాయమూ లేకపోవడం. ఇంటర్వ్యూలో, "ఈ ఉద్యోగం మీకు కావాలా?" అని అడిగితే, "మీ ఇష్టం" అన్నారట. అక్కడికక్కడే తీసుకున్నారు. రోజూ ఆఫీసు కుర్రాడు కాఫీయా టీయా అని అడిగితే ఆయన ఇబ్బందిగా నవ్వేవారు. చివరికి వాడు రెండూ కలిపి ఇవ్వడం మొదలుపెట్టాడు. తాగేవారు.

ఇంత ఏర్పాటు ఉన్నా మొదటి ఆర్నెల్లలో ఒక్క వాదనా ముగియలేదు. భూమి గుండ్రంగా ఉందని ఒకరు, బల్లపరుపుగా ఉందని ఒకరు వచ్చారు. ఉభయులకూ ఆమోదయోగ్యంగా ‘కొంచెం వంపు’ అని రాసుకుందామని కమిషనరు గారు మధ్యేమార్గం సూచించారు. అప్పటిదాకా ఒకరి మొహం ఒకరు చూడని ఆ ఇద్దరూ ఒక్కటై ఆయన మీద పైకి ఫిర్యాదు పంపారు. రాబోయే ఎన్నికల్లో ఎవరు గెలుస్తారన్న కేసును ఎన్నికలయ్యేదాకా వాయిదా వేశాం. ఎన్నికలయ్యాయి, ఒకరు గెలిచారు. మా కక్షిదారులిద్దరూ ఆ ఫలితాన్ని ఒప్పుకోకుండా తాజాగా వాదించుకుంటూ మళ్లీ వచ్చారు.

అప్పుడు పైనుంచి మెమో వచ్చింది. ‘ఈ నెలాఖరులోగా కనీసం ఒక్క వాదననైనా ముగించని పక్షంలో ముగింపు సంస్థను ముగించుటకు తగు చర్యలు తీసుకొనబడును.’

కమిషనరు గారు మెమో చదివి, "భీమశంకరం, ఉన్నవాటిలో చిన్న కేసు చూడండి" అన్నారు. నేను వంటశాలంతా వెతికి దోమ చెవుల కేసు తెచ్చాను. దోమే చిన్నది, దాని చెవి ఇంకెంత ఉంటుందని ఇద్దరం ధైర్యంగా ఉన్నాం.

ఆ వాదన మొదలైంది ఒక చిన్న వార్త దగ్గర. ఫోనులో వేసుకుంటే మనిషికి వినపడని శబ్దమేదో చేసి దోమల్ని తరిమేసే యాప్ ఒకటి వచ్చిందనీ, ప్రభుత్వం దాన్ని హాస్టళ్లలో పెట్టబోతోందనీ ఆ వార్త. కింద ‘నిజం నిప్పు’ అనే పేరుతో ఒకరు రాశారు: ‘దోమకు చెవులే లేవు. శబ్దానికి ఎలా పారిపోతుంది?’ దానికి ‘హై వోల్టేజ్’ అనే పేరుతో మరొకరు జవాబిచ్చారు: ‘చెవుల్లేని దోమ సరిగ్గా మన చెవి దగ్గరకే వచ్చి ఎందుకు పాడుతుంది?’ ఆ తర్వాత మూడు వానాకాలాలు వెళ్లిపోయాయి. యాప్ కంపెనీ లేకుండా పోయింది. హాస్టళ్లలో దోమలు అలాగే ఉన్నాయి. వాదన కూడా అలాగే ఉంది.

విచారణ రోజు పొద్దున్నే ఇద్దరు వచ్చి వరండాలో పెళ్లివారి కోసం వేసిన పాత సోఫాలో కూర్చున్నారు. ఒకాయన మండపేటలో ఇన్వర్టర్ల షాపు నడిపే వీరభద్రం గారు. ఒకావిడ పార్వతీపురంలో హైస్కూలు సైన్సు టీచరు సరోజిని గారు. ఒకరికొకరు కొత్త. ఫ్యాను ఆవిడ వైపు తిరగడం లేదని ఆయన లేచి స్టాండు జరిపారు. ఆవిడ సంచిలోంచి చెగోడీల డబ్బా తీసి ముందుకు చాపారు.

"తీసుకోండి, ఇంట్లో వేసినవే. ఏటి కేసు మీది?"

"ఏం చెప్పమంటారండి. ఒకావిడండి. ఏం రాసినా అడ్డమే. ఆయ్. నా ప్రాణానికి తగులుకుంది."

"నాదీ అదే గొడవ. ఎవడో ఒక మొండి ఘటం. ఎన్ని సార్లు చెప్పినా మళ్లీ మొదటికొచ్చెస్తాడు. మీలాటి మర్యాదస్తుడైతే ఏటి బాధ."

"మరేనండి. మీలాంటోళ్లతో అయితే అసలు గొడవెందుకొస్తదండి? చెగోడీలు అదిరాయండి."

సరిగ్గా అప్పుడే నేను తలుపు తీసి, నిబంధన ప్రకారం మూడుసార్లు గట్టిగా పిలిచాను. "హై వోల్టేజ్ వర్సెస్ నిజం నిప్పు!"

ఇద్దరూ ఒకేసారి లేచి నిలబడ్డారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన చేతిలో సగం కొరికిన చెగోడీ ఉంది. తినాలో తిరిగిచ్చెయ్యాలో తెలియక దాన్ని జేబులో వేసుకున్నారు.

వేదిక మీద వధూవరుల కుర్చీల్లో బెంచి కూర్చుంది. కక్షిదారుల్ని చెరోవైపు పీటల మీద కూర్చోబెట్టాం. వాదన మొత్తం పైకి చదివి వినిపించడం నా పని. చదివాను.

"హై వోల్టేజ్ గారు ఇట్లు రాసిరి: మేడమ్ గారూ, మీరు ఏ బడిలో చదివారో ఆ బడికి తాళం వేయించండి. తదుపరి నవ్వే బొమ్మలు నాలుగు, వాటి కళ్ల నుండి నీరు కారుచున్నది. అందుకు నిజం నిప్పు గారు ఇట్లు బదులిచ్చిరి: దోమకు ఉన్నవి మీసములు మాత్రమే. మీసమునకు చెవికి తేడా తెలియని వారు క్షౌరశాలకు పోవునప్పుడు జాగ్రత్త వహించగలరు. తదుపరి చేతులు జోడించిన బొమ్మ ఒకటి."

చలమయ్య గారి పెదవి కదిలింది. అది నవ్వేమోనని నాకు అనుమానం వచ్చింది కానీ ఆయన హోదా దృష్ట్యా నమోదు చేయలేదు.

"హై వోల్టేజ్ గారు: మీసాలతో వింటే ఆ మీసాలే చెవులు కదా. నిజం నిప్పు గారు: అట్లయిన మీరు నోటితో ఆలోచించుచున్నారు గనుక మీ నోరే మెదడు అగునా. ఇక్కడినుండి ఉభయులూ దోమను విడిచి, గత ప్రభుత్వ హయాంలో మందు కొట్టిన వారెవరు, ప్రస్తుత ప్రభుత్వ హయాంలో కొట్టనివారెవరు అను విషయమునకు మళ్లిరి. అచ్చట రెండు నెలలుండి తిరిగి దోమ వద్దకు వచ్చిరి."

పూర్తయ్యేసరికి నా గొంతు పోయింది. కమిషనరు గారు గొంతు సవరించుకున్నారు.

"ఉభయ పక్షాల వాదనలూ కూలంకషంగా వినడమైనది. ఇప్పుడు ఎవరో ఒకరు ఓటమి అంగీకరించి ప్రభుత్వానికి సహకరించవలసిందిగా కోరడమైనది. అంగీకరించిన మీదట ఉభయులూ ఇకపై పరస్పరం ఎట్టి వ్యాఖ్యలూ చేయరాదు."

"అంటే దోమల గురించాండి?" అన్నారు వీరభద్రం గారు.

"ఏ విషయమై కూడానూ చేయరాదు."

"రాకెట్ల వార్తల కింద కూడా రాయకూడదా?" సరోజిని గారు అడిగారు.

"రాయరాదు."

"ఎలక్షన్లప్పుడైనా?"

"అప్పుడు అస్సలు రాయరాదు."

కాసేపటికి వీరభద్రం గారు లేచి, ఆలోచించుకోవడానికి భోజనాల దాకా టైమివ్వమని అడిగారు. సరోజిని గారు కూడా అదే అడిగారు. మూడేళ్లలో వాళ్లిద్దరూ ఒకే మాట అనడం అదే మొదటిసారని నేను రికార్డులు చూసి ధ్రువీకరించాను.

భోజనశాలలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని క్యారియర్లు విప్పారు కానీ తినడం లేదు. నేను మంచినీళ్లు ఇవ్వడానికి వెళితే వీరభద్రం గారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఇంక అస్సలు మాట్టాడుకోకూడదాండి? రూలు అంత గట్టిగా ఉందా?"

"గట్టిగానే ఉందండి."

"నేను షాపులో పొద్దస్తమానం ఒక్కణ్ణే కూర్చుంటానండి. కరెంటు పోతేగానీ నా కొట్టుకి మనిషి రాడు. ఈ మధ్య కరెంటు పోవట్లేదు. ఇంట్లో నోరిప్పితే టీవీ సౌండు పెంచేత్తారు. నేను రాసింది మొత్తం చదివి, ఇదిగో ఇక్కడ తప్పు చెప్పావయ్యా అని తిట్టేది ఈవిడొక్కరేనండి."

సరోజిని గారు పెరుగన్నం కలుపుతూ తల దించుకునే అన్నారు. "బడిలో నేను ఏటి చెప్తే అది రాసీసుకుంతారు. సూర్యుడు పడమట పొడుస్తాడని చెప్పినా రాసీసుకుంతారు, పరీక్షలో అదే రాస్తారు. తోటి టీచర్లా, ‘మీకు తెలీందేటుంది మేడమ్’ అనీసి వెళ్లిపోతారు. ఎందుకు అని నన్నడిగింది ఈ పెద్దమనిషే. ఈయనకి జవాబు చెప్పడానికే నేను మళ్లీ పుస్తకాలు కొన్నాను."

తర్వాత ఆవిడ తలెత్తి, "అయితే ఓడిపోకండి" అన్నారు.

"మీరూ ఓడిపోకండేం" అన్నారాయన.

"నేనెందుకు ఓడిపోతాను? నాదే రైటు కదా!"

"అదెలా అవుద్దండి?"

ఇద్దరూ హాయిగా భోంచేశారు.

మధ్యాహ్నం విచారణలో వీరభద్రం గారు కొత్త కోరిక కోరారు. మాటలతో తేలేది కాదు, దోమల మీద పరీక్ష చేసి చూడాలన్నారు. సరోజిని గారు ఎగిరి గంతేసినంత పని చేసి, శాస్త్రీయంగా జరగాలని పట్టుబట్టారు. కమిషనరు గారికి పరీక్షలంటే తూనికల శాఖ నాటినుంచీ మక్కువ. సరేనని ఉత్తర్వులిచ్చారు. ‘తగినన్ని దోమలు సమకూర్చవలెను’ అని నాకు మెమో ఇచ్చారు.

నేను పట్టణ పాలక సంస్థకు లేఖ రాశాను. జవాబు వెంటనే వచ్చింది. ‘మా పరిధిని దోమరహిత ప్రాంతంగా గత సంవత్సరమే ప్రకటించియున్నాము. కావున దోమలు సరఫరా చేయజాలనందుకు చింతించుచున్నాము.’ ఆ లేఖ చదువుతుండగా దాని మీద రెండు దోమలు వాలాయి. మా ఆఫీసులో దోమలకు కొదవ లేదు. కానీ వాటిని వాడితే పట్టణంలో దోమలున్నట్టు ప్రభుత్వం తరఫున మేమే ఒప్పుకున్నట్టవుతుందని కమిషనరు గారు అభ్యంతరం చెప్పారు. "అధికారికంగా లేని దోమ కుట్టినా అది సాక్ష్యానికి పనికిరాదు భీమశంకరం" అన్నారు. పొలిమేర దాటి, దోమరహితమని ఇంకా ప్రకటించుకోని ఒక పంచాయతీకి వెళ్లి, అక్కడి మురుగు కాలువ దగ్గర దోమతెరతో పట్టించి, గాజు సీసాల్లో పెట్టి ఆఫీసు జీపులో తెచ్చాను. ఆ పంచాయతీ ప్రెసిడెంటు గారు, "ఇన్నేనా? ఇంకా పట్టికెళ్లండి, ఏం పర్లేదు" అని ఎంతో సహకరించారు.

పరీక్ష సాయంత్రం జరిగింది. వేదిక చుట్టూ తెర కట్టాం. లోపల బెంచి కుర్చీల్లో కూర్చుంది, చొక్కా చేతులు పైకి మడుచుకుని. కక్షిదారులు చెరోవైపు. నేను ఒక పాత ఫోనులో ఆ యాప్ ఆన్ చేసి, సీసాల మూతలు తీశాను. ఆఫీసు దోమలు కూడా ఎక్కణ్ణుంచో వచ్చి కలిశాయి. వాటిని వేరు చేయడం సాధ్యపడలేదు.

కాసేపు గుయ్యిమన్న శబ్దం తప్ప మరేమీ లేదు. తర్వాత కమిషనరు గారు మోచెయ్యి గోక్కున్నారు. తర్వాత మెడ గోక్కున్నారు. చివరకు రెండు కాళ్లూ కుర్చీ మీదకు ఎత్తి పెట్టుకుని, "రాసుకోండి! దోమలు పారిపోలేదు. అనగా వినలేదు. అనగా చెవులు లేవు!" అని అరిచారు.

"తప్పండి!" వీరభద్రం గారు మీసం మీద వాలిన దాన్ని తోలుకుంటూ అన్నారు. "విన్నాయండి! పాట నచ్చింది, అందుకే దగ్గిరికొచ్చాయి. చెవుల్లేకపోతే పక్కూరి దోమలకి ఇక్కడ పాట పెట్టారని ఎలా తెలిసిందండి?"

"వాటిని సీసాల్లో తెచ్చేరు కాబట్టి తెలిసింది!" సరోజిని గారు లేచి నిలబడ్డారు. "భీమశంకరం గారూ, ఫోనాపండి. ఇదిగో, ఆపినా కుడుతున్నాయి. ఇంకేటి కావాలి?"

అప్పుడు జరిగింది ఆ సంఘటన. అంతవరకూ కదలకుండా కూర్చుని ఉన్న చలమయ్య గారు తన చెంప మీద తానే ఫెడేలుమని కొట్టుకుని లేచారు.

"ఉన్నాయి!" అన్నారు.

అందరం ఆయన వైపు తిరిగాం.

"చెవులున్నాయి! నేను చెయ్యెత్తితే ఆ చప్పుడు విని ముందే లేచిపోతోంది. పొద్దున్నుంచీ చూస్తున్నాను. కచ్చితంగా ఉన్నాయి!"

"చలమయ్య గారూ" అన్నారు కమిషనరు గారు మెల్లగా, కాళ్లు కిందికి దించి. "తమరు అభిప్రాయం వ్యక్తం చేశారు."

"అవునండి." ఆయన చెంప రుద్దుకుంటూ మా అందరి వైపూ చూసి నవ్వారు. "చాలా హాయిగా ఉంది."

ఆ మర్నాటి నుంచి చలమయ్య గారిని ఆపడం ఎవరి తరమూ కాలేదు. కాఫీ అడిగారు, టీ కలపొద్దన్నారు. కాఫీలో పంచదార ఎక్కువైందన్నారు. ‘శుభమస్తు’లో ఒక అక్షరం వంకరగా ఉందన్నారు. గత ఆర్నెల్లలో బెంచి తీసుకున్న నిర్ణయాలన్నీ తెలివితక్కువవని, అప్పుడు తాను లేకపోవడం వల్లే అలా జరిగిందని అన్నారు. అప్పుడు ఆయన అక్కడే ఉన్నారని కమిషనరు గారు గుర్తుచేస్తే, "ఉండటం వేరు, లేకపోవడం వేరు" అన్నారు. ఆఫీసు రెండుగా చీలింది. టైపిస్టు చెవులున్నాయన్న పక్షం. జీపు డ్రైవరు లేవన్న పక్షం. మధ్యాహ్నం భోజనాలు రెండు బంతులయ్యాయి.

కమిషనరు గారి చేతిలో రెండు కాగితాలున్నాయి. తటస్థ సభ్యుడు తటస్థంగా లేనందున ఎందుకు తొలగించరాదో చెప్పమంటూ చలమయ్య గారికి ఇవ్వాల్సిన సంజాయిషీ నోటీసు ఒకటి. నెలాఖరు దగ్గరపడిందని గుర్తుచేస్తూ పైనుంచి వచ్చిన మెమో రెండోది. ఆయన రెండూ బల్ల మీద పెట్టుకుని చాలాసేపు కూర్చుని, వీరభద్రం గారినీ సరోజిని గారినీ మళ్లీ పిలిపించారు.

ఈసారి వేదిక ఎక్కలేదు. పెళ్లికూతురి గదిలోనే, కుర్చీలు దగ్గరగా వేయించి మామూలు మాటల్లో అడిగారు.

"చూడండి. నా సర్వీసులో నేనెవర్నీ ఇలా అడగలేదు. మీలో ఎవరో ఒకరు ఓడిపోండి. లేకపోతే మా ఆఫీసు తీసేస్తారు. నాకేముంది, తూనికలకు వెళ్లిపోతాను. ఈయన సంగతే ఆలోచించండి."

చలమయ్య గారు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. ముందురోజు దాకా ఉన్న ఊపు లేదు. "ఉద్యోగం పోతే ఇంట్లో కూర్చోవాలండి" అన్నారు. "మా ఇంట్లో అందరికీ ముందునుంచీ అభిప్రాయాలున్నాయి. నాది ఎవరూ వినరు. ఇక్కడైతే పోట్లాడైనా విన్నారు."

ఆ మాటకు వీరభద్రం గారు కిటికీ వైపు తిరిగిపోయారు. కాసేపటికి భుజం మీద తువ్వాలుతో మొహం తుడుచుకుని ఇటు తిరిగారు.

"సరేలెండి. రాసుకోండి. నేనే ఓడిపోయాను. దోమకి చెవుల్లేవు."

నేను కాగితం తీసి గబగబా రాశాను. ఆయన సంతకం పెట్టారు.

"ఆగండాగండి" అన్నారు సరోజిని గారు. ఆవిడ మొహం ఎర్రబడింది. "ఎందుకు లేవు?"

"మీరే చెప్పారు కదండి లేవని."

"నేను చెప్తే ఒప్పీసుకుంతారా? మూడేళ్లు ఒప్పుకోని మనిషి ఇవాళ ఎలగ ఒప్పుకున్నారు? కారణం చెప్పండి. కారణం లేకుండా ఓడిపోడానికి వీల్లేదు."

"అదేనండి, మీసాలు..."

"మీసాలైతే? ఆ మీసాలు శబ్దానికి ఊగుతాయా లేదా? ఊగితే దానికి తెలుస్తాదా లేదా?"

"తెలిస్తే మాత్రం చెవి అయిపోద్దాండి? రేడియోకి ఏరియలుంటది, అది చెవంటామా?" వీరభద్రం గారు తెలియకుండానే ముందుకు వంగారు.

"రేడియోకి ప్రాణం ఉందేటండి? ప్రాణమున్నదానికి శబ్దం తెలిస్తే, దేంతో తెలిస్తాదో అదే చెవి!"

"అయితే ఉన్నాయంటారా?"

"ఉన్నాయనే అంతాను! ఏం చేసుకుంతారో చేసుకోండి!"

ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు. నేను ఆ మాట కూడా రాసేశాను, అలవాటుగా. కాగితం ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ ఒకసారి వీరభద్రం గారి వైపు, ఒకసారి చలమయ్య గారి వైపు చూసి సంతకం చేశారు.

కమిషనరు గారు నిలబడి, కిటికీ బయటికి చూస్తూ ఉత్తర్వు చెప్పారు. నేను రాసుకున్నాను. అంతటి ఉత్తర్వు నా సర్వీసులో మళ్లీ రాయలేదు.

‘దోమకు చెవులున్నవని వాదించు హై వోల్టేజ్ అను వ్యక్తి ఓటమి అంగీకరించినారు. దోమకు చెవులు లేవని వాదించు నిజం నిప్పు అను వ్యక్తి కూడా ఓటమి అంగీకరించినారు. ఉభయులూ ఓడినందున వాదన సంపూర్ణముగా ముగిసినట్లు ప్రకటించడమైనది. సదరు ఇరువురు వ్యక్తులూ ఇకపై పరస్పరం వ్యాఖ్యానించరాదు. అయితే చెవులున్నవని వాదించు హై వోల్టేజ్ గానీ, లేవని వాదించు నిజం నిప్పు గానీ ప్రస్తుతం ఉనికిలో లేనందున ఈ నిషేధం ఎవరికీ వర్తించదు. ప్రస్తుతం ఉనికిలో ఉన్న వారి వాదన ఈ దినమే ప్రారంభమైనది గనుక పెండింగు క్రిందకు రాదు.’

చలమయ్య గారు చప్పట్లు కొట్టారు. తటస్థ సభ్యుడి పోస్టును రద్దు చేసి, ఆయన్ని ‘అభిప్రాయ సభ్యుడు’గా మార్చాలని కమిషనరు గారు అదే రోజు పైకి రాశారు.

పైవాళ్లు ఎంత సంతోషించారంటే, మా పద్ధతినే రాష్ట్రమంతా అమలు చేయాలని ఉత్తర్వులిచ్చారు. ఒకటో తారీకు నుంచి పెండింగు వాదనల్లో ఉన్నవాళ్లందరూ పక్షాలు మార్చుకోవాలి. ఉన్నదన్నవాళ్లు లేదనాలి, లేదన్నవాళ్లు ఉన్నదనాలి. ఈ ఫోను మంచిదన్నవాళ్లు ఆ ఫోను మంచిదనాలి. ప్రభుత్వాన్ని పొగిడేవాళ్లు తిట్టాలి, తిట్టేవాళ్లు పొగడాలి. గొడవలవుతాయని పోలీసుల్ని సిద్ధంగా ఉంచారు. ఏమీ కాలేదు. జనం ఎంతో క్రమశిక్షణతో పక్షాలు మార్చుకుని, అవే నవ్వే బొమ్మలతో, అవే తిట్లతో, ఒక్క పూట కూడా విరామం లేకుండా కొనసాగించారు. చాలామందికి తేడా తెలియలేదు. ఒక్క రోజులో లక్షల వాదనలు ముగిసి, లక్షల వాదనలు మొదలయ్యాయి. మా ప్రగతి నివేదిక చూసి ఇతర రాష్ట్రాలవాళ్లు వచ్చి వెళ్లారు. ఈ ఉత్తర్వు రాజకీయ నాయకులకు కూడా వర్తిస్తుందా అని ఒక జిల్లా నుంచి వివరణ కోరారు. వారు ఆ పని ఎప్పటినుంచో స్వచ్ఛందంగా చేస్తున్నందున ప్రత్యేక ఉత్తర్వు అవసరం లేదని పైనుంచి సమాధానం వచ్చింది.

మార్తాండరావు గారు ప్రమోషన్ మీద రాజధానికి వెళ్లారు. ఆ స్థానంలో కొత్తవారు వచ్చేదాకా చలమయ్య గారే ఇన్‌చార్జి. ఆఫీసులో ప్రతి కాగితం మీదా ఆయన అభిప్రాయం ఉంటుంది.

మళ్లీ ఎండలు ముదిరి కరెంటు పోవడం మొదలయ్యాక, ఆఫీసుకు ఇన్వర్టరు పెట్టడానికి వీరభద్రం గారు వచ్చారు. పని అయ్యాక చేతులు కడుక్కుని నా బల్ల ఎదురుగా కూర్చున్నారు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"భీమశంకరం గారూ, ఒకటి చెప్తాను. ఆఫీసు మనిషిలాగా వినకండి."

"చెప్పండి."

"లేవని వాదించాలి కదాండి ఇప్పుడు. దానికోసం బోలెడు చదివాను. ఆవిణ్ణే అడిగి పుస్తకాల పేర్లు రాయించుకున్నాను. చదవగా చదవగా..." ఆయన తువ్వాలు అంచు మెలిపెట్టారు. "నిజంగానే లేవనిపిస్తందండి. ఆవిడ మొదట్నుంచీ చెప్పిందే రైటు."

నేను కళ్లజోడు తీసేశాను. "మరి ఆవిడ ఇప్పుడు ఉన్నాయంటున్నారు కదా?"

"అది మీ ఆర్డరు కోసమండి. మనసులో లేవనే. నాకు తెలవదా?"

అంటే ఇద్దరిదీ ఒకే మాట. మా సంస్థ పుట్టినప్పటి నుంచి ఒక్క వాదన నిజంగా ముగియడం అదే. నిబంధన ప్రకారం నేను వెంటనే నమోదు చేసి, ఇద్దరికీ మధ్య రాతలు ఆపమని సాంకేతిక విభాగానికి పంపాలి. సొరుగులో కాగితం ఉంది. జేబులో పెన్ను ఉంది.

"ఆవిడకి చెప్పారా?"

"చెప్తే ఏమంటారండి? ‘నేను ఎప్పుడో చెప్పేను’ అంటారు. అంతే కదా. ఆ తర్వాత?"

ఆ తర్వాత ఏముంటుందో నేనూ ఆలోచించాను. నాకూ ఏమీ తోచలేదు. సొరుగు తెరవలేదు.

ఇంతలో ఆయన ఫోను టింగుమంది. పార్వతీపురం నుంచి పెద్ద జవాబే వచ్చినట్టుంది, ఆయన బొటనవేలితో కిందికి జరుపుతూ జరుపుతూ చాలాసేపు చదివారు. చదువుతున్నంతసేపూ పెదవులు కదులుతూనే ఉన్నాయి. చివరికి తలెత్తి, "ఆవిడ పాయింటు బలంగానే ఉందండి. చెవి అన్నాక డొప్ప ఉండి తీరాలా, అక్కర్లేదా? మీరేమంటారు?" అని అడిగారు.

నేను ప్రభుత్వోద్యోగిని. విచారణలో ఉన్న విషయం మీద వ్యాఖ్యానించకూడదు.

"అక్కర్లేదు" అన్నాను.

"అదెలా కుదురుద్దండి?" అంటూ వీరభద్రం గారు కుర్చీని నా బల్ల దగ్గరికి బరబరా లాక్కున్నారు.